ఇంజిను వెనక ఐదు టన్నులు

*పశ్చిమ ప్రకాశంలో వేసవి తాగునీరు ట్రాక్టర్ వెనక వస్తుంది. ఆ బరువును లాగడం, ఆపడం, సందులోకి వెనక్కి నడపడం ఒక ప్రత్యేకమైన విద్య. దానికి ఊళ్లో గురువులున్నారు గాని బడి లేదు.*

మే నెలలో ఉదయం ఏడు గంటలకే నేల వేడెక్కే మార్కాపురం శివారు కాలనీల్లో, ఇళ్ల ముందు ప్లాస్టిక్ డ్రమ్ములూ వాటి పక్కన బిందెలూ బారులు తీరి ఉండగా, నీళ్ల ట్యాంకరును తగిలించుకున్న ట్రాక్టర్ సందు మొదట్లో ఆగి, కాస్త ముందుకు జరిగి, ఆ తరువాత వెనక్కి రావడం మొదలుపెడుతుంది. తిన్నగా లోపలికి వెళితే మళ్లీ బయటపడడానికి చోటుండదు కనుక వెనక్కి నడుపుకుంటూ వెళ్లడం తప్ప మార్గం లేదు. ఒక పక్క మురుగు కాలువ, మరో పక్క ప్రహరీ గోడ, దానికి ఆనుకొని కరెంటు స్తంభం, వీటి నడుమ ట్యాంకరుకు అటూ ఇటూ జానెడు ఖాళీ మాత్రమే మిగులుతుంది. డ్రైవరు ఒక చేతిని స్టీరింగు మీద ఉంచి, మరో చేతిని మడ్‌గార్డుకు ఆనించి, నడుము నుంచి పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తూ, ట్యాంకరు తోక కాలువ వైపు ఒరుగుతున్నదని గమనించగానే స్టీరింగును కూడా కాలువ వైపే తిప్పుతాడు. దానితో తోక నెమ్మదిగా గోడ వైపు మళ్లి దారిలో పడుతుంది. బిందెలతో నిలుచున్నవారు ఆ తిప్పడాన్ని గమనించరు, వారి చూపు ట్యాంకరు వెనక ఉన్న కుళాయి మీదే ఉంటుంది.

రాష్ట్రంలో కారవాన్ పర్యాటకం గురించి ఈమధ్య విరివిగా మాట్లాడుకుంటున్నారు. కారు వెనక చిన్న ఇంటిబండిని తగిలించుకొని కుటుంబంతో ఊళ్లు తిరిగే అలవాటు పాశ్చాత్య దేశాల్లో పాతదే. అక్కడ మొదటిసారి బండిని లాగబోయేవారి కోసం పుస్తకాలూ ఒకటి రెండు రోజుల శిక్షణ తరగతులూ ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో విహారానికి బండి లాగేవారు అరుదు. నీటి కోసం, పలకరాయి కోసం, పంట కోసం లాగేవారు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వారు లాగే బరువు విహారపు బండి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నేర్పే ఏర్పాటు ఎవరికి ఎక్కువ అవసరమో ఆలోచిస్తే సమాధానం ఈ ఊళ్ల వైపే చూపిస్తుంది.

నీరు బండెక్కిన నేల

తరువాత ప్రకాశం జిల్లాగా పేరు మారిన ఒంగోలు జిల్లా 1970 ఫిబ్రవరిలో ఏర్పడినప్పుడు, అంతవరకు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అందులో చేరాయి. సముద్రతీరంతోనూ కాలువల కింది మాగాణితోనూ సంబంధం లేని ఈ పడమటి భాగం నల్లమల అంచున గట్టిరాతి నేల మీద ఉన్నది. గట్టిరాతి నేలలో నీరు రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తుంది కనుక, వానలు ముఖం చాటేసిన ఏడాది బోరు ఎంత లోతుకు దించినా పగులు తగలకపోతే దుమ్మే లేస్తుంది. నీరు పడ్డ చోట్ల కూడా అనేక గ్రామాల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉండి తాగడానికి పనికిరాదు. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. అయినా ఆ చెరువు ఆదుకోగలిగిన ఊళ్లు కొన్నే. శ్రీశైలం జలాశయం నుంచి నీటిని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులో, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న జంట సొరంగాల్లో మొదటిదాని తవ్వకం 2021 జనవరిలోనూ రెండోదాని తవ్వకం 2024 జనవరిలోనూ ముగిసింది. తవ్వకం ముగిసినంత మాత్రాన ఇంటి ముందు కుళాయి పారదు. ఈ లోపు వేసవి వచ్చిన ప్రతిసారీ నీరు చక్రాల మీద, ట్రిప్పుల లెక్కన ఊరికి చేరుతున్నది.

లాగేది రెండు, లాగబడేది ఆరు

ఈ ప్రాంతంలో ట్రాక్టర్‌ను ఇంజిను అనీ, వెనక తగిలించేదాన్ని ట్రక్కు లేక ట్రాలీ అనీ వ్యవహరిస్తారు. లీటరు నీటి బరువు ఒక కిలో కనుక, ఊళ్లలో సాధారణంగా తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకరులో ఐదు టన్నుల నీరు ఉంటుంది. ఇనుప తొట్టి, చట్రం, చక్రాల బరువు కూడా చేరితే మొత్తం ఆరు టన్నులు దాటుతుంది. దాన్ని లాగే మధ్యతరహా ట్రాక్టర్ బరువు మాత్రం రెండు టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. కదిలించడానికి ఈ తేడా పెద్ద అడ్డంకి కాదు, ఎందుకంటే ట్రాక్టర్ ఇంజినూ గేర్లూ తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు శక్తి ఇచ్చేటట్లు తయారైనవే. ఆపేటప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. ఊళ్లలో తిరిగే చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు లేవు కాబట్టి, రెండు టన్నుల ఇంజిను తన బ్రేకులతో తనను తాను ఆపుకుంటూ, వెనక నుంచి తోసుకొచ్చే ఆరు టన్నులను కూడా నిలబెట్టాలి.

> కొలతల్లో తేడా
>
> బ్రిటన్‌లో మొదటిసారి కారవాన్ లాగేవారికి అక్కడి సంఘాలు చెప్పే సూత్రం ప్రకారం, లాగబడే బండి బరువు లాగే కారు బరువులో 85 శాతానికి మించకూడదు. నీళ్ల ట్యాంకరు విషయంలో అదే నిష్పత్తి సుమారు 300 శాతం. ట్రాక్టర్ నెమ్మదిగా నడిచే వాహనం కావడం వల్లనే ఇది సాధ్యపడుతున్నది. వేగం రెట్టింపైతే బ్రేకు నొక్కిన తరువాత బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది కనుక, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో క్షేమంగా నడిచే బరువు 30 కిలోమీటర్ల వేగంతో క్షేమం కాదు.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎటువంటిది అన్నది కూడా నేర్చుకోవలసిన విషయమే. నిండు ట్యాంకరు కంటే సగం నిండిన ట్యాంకరు ప్రమాదకరం, ఎందుకంటే అందులోని నీరు మలుపు తిరిగినప్పుడు పక్కకూ బ్రేకు వేసినప్పుడు ముందుకూ ఉరికి, బండి కదలిక ముగిసిన తరువాత కూడా తొట్టి గోడలను కొడుతూ తోస్తుంది. ట్యాంకరు లోపల అడ్డంగా రంధ్రాలున్న రేకులు బిగిస్తే ఆ ఉరవడి తగ్గుతుంది. పలకరాయిది మరో తీరు. బడిపిల్లల పలకలతో దేశమంతటా పేరు తెచ్చుకున్న మార్కాపురం గనుల రాయి నీటికి రెండున్నర రెట్లకు పైగా బరువుండడం వల్ల, ట్రక్కు సగం కూడా నిండినట్లు కనిపించకముందే మోయగలిగిన హద్దు దాటిపోతుంది. తొట్టిలో ఖాళీ కనిపిస్తున్నది కదా అని మరికొంత వేయించుకోవడమే అక్కడ జరిగే పొరపాటు. పత్తి బోరాలదీ కందికట్టెదీ పూర్తిగా వేరే సమస్య, అవి తేలికైనవే అయినా ఎత్తుగా పేర్చడం వల్ల బరువు కేంద్రం పైకి జరిగి, పొలం గట్టు దిగేటప్పుడు ఒక చక్రం గుంతలో పడితే చాలు, ట్రక్కు పక్కకు ఒరిగిపోతుంది.

కాడి నేర్పిన తూకం

రెండు చక్రాల ట్రక్కులో బరువును ఇరుసుకు ముందు ఎంత, వెనక ఎంత సర్దాలన్న ప్రశ్నకు పాత తరం రైతులకు సమాధానం తెలుసు, ఎందుకంటే ఎద్దులబండి కూడా ఒక్క ఇరుసు మీద నడిచేదే. బరువు మరీ ముందుకు వస్తే ఎద్దుల మెడలు కుంగుతాయి, వెనక్కి పోతే కాడి పైకి లేచి వాటి గొంతులకు పట్టెడ బిగుస్తుంది. అందుకే బస్తాలు వేశాక కాడిని చేత్తో ఎత్తి చూసి, కొద్దిపాటి బరువు ముందుకు ఉన్నట్లు తెలిసిన తరువాతే బండి కట్టేవారు. అమెరికాలో చిన్న ఇంటిబండ్లు లాగేవారికి చెప్పే నియమం కూడా ఇదే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం వరకు కొక్కెం మీద పడాలని అక్కడి వారు అంకెల్లో చెబుతారు.

ఎద్దు స్థానంలో ట్రాక్టర్ వచ్చాక ఆ పరీక్ష మరుగున పడింది. మెడ నొచ్చిన ఎద్దు ఆగిపోయి చెప్పగలదు, కొక్కేనికి ఆ వీలు లేదు. ఇరుసుకు వెనక బరువెక్కువైతే ట్రక్కు ముందుభాగం కొక్కేన్ని పైకెత్తి ట్రాక్టర్ వెనక చక్రాల పట్టును తగ్గిస్తుంది, రోడ్డు మీద వేగం పెరిగితే తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ముందు బరువెక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది మరీ ప్రమాదకరం. ట్రక్కును తయారీదారు ఇచ్చిన కొక్కేనికి కాక అంతకంటే ఎత్తైన చోట గొలుసుతోనో కడ్డీతోనో తగిలిస్తే, లాగుడు శక్తి వెనక ఇరుసు చుట్టూ తిరిగి ట్రాక్టర్ ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టర్ వెనక్కి తిరగబడడానికి క్షణకాలం చాలు, దూకి తప్పించుకోవడానికి డ్రైవరుకు వ్యవధి దొరకదు.

తగిలించడం కూడా ఒక పనిగా నేర్చుకోవలసిందే. స్టాండు మీదనో రాళ్ల మీదనో ఆనించి ఉన్న ట్రక్కు దగ్గరికి ఇంజినును వెనక్కి తెచ్చి, రెండు రంధ్రాలూ ఒకదాని మీద ఒకటి వచ్చాక బొటనవేలి కంటే లావైన పిన్నును దించి, అది ఎగిరిపోకుండా కింద క్లిప్పు పెట్టాలి. ఆ క్లిప్పు పోయినప్పుడు దాని చోట తీగ ముక్క చుట్టడం, పిన్ను అరిగినప్పుడు చేతికందిన బోల్టు వేయడం ఊళ్లలో తరచుగా కనిపిస్తుంది. ఆరు టన్నులు ఆ తీగ ముక్క మీద వేలాడుతున్నాయన్న సంగతి గతుకు వచ్చినప్పుడు గాని గుర్తుకు రాదు. పిన్ను వేయడానికి సహాయకుడు ఇంజినుకూ ట్రక్కుకూ నడుమ నిలబడి రమ్మని సైగ చేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఇంజిను పూర్తిగా ఆగి, గేరు తీసి, బ్రేకు బిగించిన తరువాతే అతడు మధ్యలోకి వెళ్లాలి, అప్పటికే ట్రక్కు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి ఉండాలి.

తలకిందుల లెక్క

నేర్చుకునేవారిని అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేది రివర్సు. విడి ఇంజిను వెనక్కి వెళ్లేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే తోక అటే వెళుతుంది. ట్రక్కు తగిలించగానే కొక్కెం దగ్గర ఒక కీలు ఏర్పడుతుంది, ఇంజిను తోక కుడికి జరిగితే ట్రక్కు ముందుభాగం దానితో కుడికి పోయి, ఇరుసుకు అవతల ఉన్న ట్రక్కు తోక ఎడమకు మళ్లుతుంది. ఈ లెక్కను కాగితం మీద అర్థం చేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు గాని, చేతులకు అలవడడానికి రోజులు పడతాయి, ఎందుకంటే తోక తప్పు దారి పడుతున్నదని కళ్లు చెప్పినప్పుడు చేతులు పాత అలవాటు కొద్దీ ఎదురు వైపు తిప్పి తప్పును రెట్టింపు చేస్తాయి.

అనుభవజ్ఞులు దీనికి రెండు ఉపాయాలు చెబుతారు. చేతిని స్టీరింగు పైభాగాన కాక అడుగున పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రక్కు తోక అటే వెళుతుంది కనుక తలకిందుల లెక్క వేసుకొనే పని ఉండదు. రెండోది, ట్రక్కు తోక ఏ వైపు ఎక్కువగా కనిపిస్తున్నదో స్టీరింగును ఆ వైపే కొద్దిగా తిప్పితే బండి తిన్నగా వస్తుంది. ఇక్కడ కొద్దిగా అన్న మాటే ముఖ్యం. తోక మళ్లడం మొదలైన వెంటనే స్టీరింగును వెనక్కి తిప్పి దాని వెంట ఇంజినును పోనివ్వాలి, అలా కాకుండా తిప్పినది తిప్పినట్లే ఉంచితే ఇంజినూ ట్రక్కూ మడతపడతాయి. మడత ఒక హద్దు దాటాక స్టీరింగు ఎటు తిప్పినా సరికాదు. ముందుకు లాగి, తిన్నగా చేసుకొని, మళ్లీ మొదలుపెట్టడమే దారి. అలా ముందుకు లాగడాన్ని చేతకానితనంగా భావించి నవ్వే చూపరులు కుర్రవాళ్ల చేత గోడలు పగలగొట్టిస్తుంటారు. ఎన్నో ఏళ్లుగా ట్యాంకరు నడుపుతున్నవారు కూడా ఇరుకు సందు దగ్గర అవసరమైనన్నిసార్లు ముందుకు లాగి సరిచూసుకుంటారు, అది వారి నేర్పులో భాగమే.

పొట్టి ట్రక్కు కంటే పొడవైన ట్రక్కును వెనక్కి నడపడం సులువన్నది కొత్తవారికి ఆశ్చర్యం కలిగించే సంగతి. పొట్టిది స్టీరింగు కదిలిన వెంటనే మళ్లిపోతుంది, పొడవైనది ఆలోచించుకునే సమయమిస్తుంది. నాలుగు చక్రాల ట్రక్కుకు ముందు ఇరుసు దగ్గర మరో కీలు ఉంటుంది కనుక, రెండు కీళ్లను ఒకేసారి అదుపు చేస్తూ దాన్ని సందులోకి పంపగలిగినవారు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కకు వస్తారు.

దిగుడు దారిలో

గిద్దలూరు నుంచి నంద్యాలకూ, దోర్నాల నుంచి శ్రీశైలానికీ నల్లమల మీదుగా వెళ్లే ఘాట్ దారుల్లో లాగుడు విద్యకు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఎత్తు ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చిందో దిగడానికి కూడా అదే గేరు వేసుకోవాలన్న పాత నియమం వెనక ఉన్న కారణం, ఆ గేరులో ఇంజినే చక్రాలను పట్టి ఉంచి బ్రేకుల మీద భారం తగ్గిస్తుందన్నది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపితే ఆరు టన్నులు తోస్తున్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి, ఆ వేగంలో మళ్లీ గేరు పడదు.

దీనికి తోడు ట్రాక్టర్‌కు మాత్రమే ప్రత్యేకమైన ఒక ప్రమాదం ఉన్నది. పొలంలో గట్టు దగ్గర చప్పున మళ్లడానికి వీలుగా దాని కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపి గడియ వేయాలి. వేయడం మరచి హడావుడిలో ఒక పెడలు మాత్రమే తొక్కితే, ఒక చక్రం ఆగి రెండోది తిరుగుతూ ఇంజిను అడ్డం తిరుగుతుంది, వెనకనున్న ట్రక్కు దాన్ని తోసి బోల్తా కొట్టిస్తుంది. ఆ గడియ అరచేతిలో ఇమిడే ఇనుప ముక్క. దున్నకం ముగిసిన ఇంజినునే రోడ్డు మీదికి తెచ్చే ప్రాంతంలో దాన్ని మరచిపోవడం చాలా తేలిక.

మడ్‌గార్డే బడి

ఈ విద్య ఒకరి నుంచి ఒకరికి అందే తీరులోనే పెద్ద లోపం ఉన్నది. ట్రాక్టర్ మీద డ్రైవరుకు తప్ప మరొకరికి సీటు ఉండదు. నేర్చుకునే కుర్రవాడు మడ్‌గార్డు మీద కూర్చొని, మామనో అన్ననో చూస్తూ గేర్లు ఎలా పడుతున్నాయో గమనిస్తాడు. కొన్నాళ్లకు అతడు సీటులోకి, నేర్పేవాడు మడ్‌గార్డు మీదికి మారతారు. గతుకులో పట్టు తప్పితే మడ్‌గార్డు మీదున్న మనిషి పడేది పెద్ద చక్రం ముందు, దాని వెనకే ట్రక్కు చక్రం. నేర్పడానికి ఉన్న ఒకే ఒక చోటు ప్రాణాలకు ముప్పు తెచ్చే చోటు కావడం విచారకరం. నేర్పేవాడు నేల మీద, పక్కగా, డ్రైవరుకు కనిపించేటట్లు నడుస్తూ చెప్పడం అంతకంటే ఎంతో మేలు, తొలి పాఠాలన్నీ నడక వేగంలోనే జరగాలి కనుక అది సాధ్యమే.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. ట్యాంకరు ఆలస్యమైతే పనులు ఆగిపోయేది ఆడవాళ్లకు, కూలికి వెళ్లే వేళ మించిపోతున్నా బిందెల దగ్గర కాపలా ఉండేది వారే. అయినా స్టీరింగు ముందు వారు కనిపించడం అరుదు. ఈ పనికి కండబలం కంటే చూపూ ఓపికా ఎక్కువ కావాలి. స్వయం సహాయక సంఘాల ద్వారా ఎన్నో పనులు నేర్చుకున్న మహిళలకు దీన్ని దూరంగా ఉంచడానికి అలవాటు తప్ప మరో కారణం లేదు.

కాగితాల్లో ఉన్నది, రోడ్డు మీద లేనిది

1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రాక్టర్ తానుగా సరుకు మోయని వాహనం, ట్రక్కు దానికి తగిలించే వేరొక వాహనం. ట్రక్కుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ట్రక్కు వెనక కూడా కనిపించాలి. ట్రాక్టర్ నడపడానికి లైసెన్సు ఉన్న వ్యక్తి ట్రక్కు తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బాధితులకు బీమా పరిహారం అందడానికి ఆ తీర్పు తోడ్పడింది. తీర్పు లైసెన్సు సంగతిని తేల్చింది గాని చేతికి నేర్పును ఇవ్వలేదు. సాగు పనికని నమోదైన ట్రాక్టర్‌ను కిరాయికి తిప్పినప్పుడు, ట్రక్కుకు బీమా లేనప్పుడు, ప్రమాదం తరువాత పరిహారం వివాదంలో పడుతుంది, ఆ భారం చివరకు డ్రైవరు కుటుంబం మీదా బాధితుల కుటుంబం మీదా పడుతుంది.

ట్రక్కులో మనుషులను ఎక్కించకూడదన్న నియమాన్ని ఉల్లంఘించినందుకు ప్రకాశం జిల్లా పెద్ద మూల్యం చెల్లించింది. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొని కనీసం తొమ్మిది మంది మరణించారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఘాటంపూర్ వద్ద భక్తులతో వస్తున్న ట్రక్కు చెరువులో బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కూలి పనికి వెళ్లడానికి వేరే బండి లేని ఊళ్లలో నిషేధం ఒక్కటే ఫలితమివ్వదు గాని, ఎక్కించినవారికి ఆ ప్రమాదం ఎంతటిదో తెలిసి ఉండాలి. రాత్రివేళ వెనక దీపం లేని ట్రక్కును లారీ ఢీకొనడం మరో విషాదం. వైరు తగిలించడానికీ తోక మీద రేడియం స్టిక్కర్లు అతికించడానికీ అయ్యే ఖర్చు ఒక ట్రిప్పు కిరాయికి మించదు.

> ఇతర దేశాల్లో
>
> విహారం కోసం ప్రత్యేకంగా కట్టించిన తొలి ఇంటిబండిగా పేరున్నది ‘వాండరర్’. నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి రచయితగా మారిన గోర్డన్ స్టేబుల్స్ కోసం బ్రిస్టల్ వ్యాగన్ కంపెనీ దాన్ని తయారుచేయగా, 1885లో ఆయన దానిలో స్కాట్లండ్ వరకు ప్రయాణించాడు. సుమారు రెండు టన్నుల ఆ బండిని రెండు గుర్రాలు లాగాయి. అమెరికాలో సాధారణ లైసెన్సుతో పది వేల పౌండ్లు, అంటే నాలుగున్నర టన్నుల వరకు బరువున్న బండిని చాలా రాష్ట్రాల్లో లాగవచ్చు కనుక, అక్కడి తెలుగు కుటుంబాలు సెలవులకు అద్దె బండి తగిలించుకోవడానికి వేరే పరీక్ష రాయనక్కరలేదు. బ్రిటన్ తన ప్రత్యేక లాగుడు పరీక్షను 2021 డిసెంబరులో ఎత్తివేసింది, శిక్షణ తీసుకోవడం మంచిదన్న సలహాను మాత్రం కొనసాగిస్తున్నది.

గార్లదిన్నె నుంచి గిద్దలూరుకు

ట్రాక్టర్లనూ వ్యవసాయ యంత్రాలనూ నడపడం, నిర్వహించడం నేర్పడానికి కేంద్ర ప్రభుత్వానికి చెందిన దక్షిణ ప్రాంత శిక్షణ, పరీక్షల సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విద్యకు అంతకంటే అనువైన చోటు లేదు. అయితే నీళ్ల ట్యాంకరు నడిపి రోజు కూలి సంపాదించే గిద్దలూరు కుర్రవాడు పని మానుకొని, జిల్లాలు దాటి వెళ్లి అక్కడ ఉండడం కష్టం. శిక్షకులే ఇటు రావడం అంతకంటే సులువు.

దానికి తగిన సమయం కూడా ఉన్నది. వేసవి ట్యాంకర్లకు మండలాల వారీగా ఏర్పాట్లు మొదలయ్యేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ట్రిప్పులు పొందే యజమాని పంపే డ్రైవరు మూడు రోజుల లాగుడు శిక్షణ పూర్తిచేసి ఉండాలన్న ఒక్క షరతును ట్యాంకర్ల ఒప్పందంలో చేర్చి, శిక్షణను మార్కాపురంలోనూ గిద్దలూరులోనూ ఏర్పాటు చేస్తే చాలు. మొదటి రోజు ఖాళీ ట్రక్కుతో తగిలించడం, విప్పడం, తిన్నగా వెనక్కి రావడం. రెండో రోజు వరుసగా నిలిపిన డ్రమ్ముల నడుమ సందులోకి మళ్లడం. మూడో రోజు సగం నీటితోనూ ఆ తరువాత నిండు నీటితోనూ ఆపడం, వాలు దిగడం. అందుకు కావలసింది ఎండిన చెరువు పక్కన చదునైన ఎకరం నేల, ఒక ట్రక్కు, ఒక ట్యాంకరు, పది ఖాళీ డ్రమ్ములు, సందుల్లో ఏళ్ల తరబడి బండి తిప్పిన ఇద్దరు ముగ్గురు పెద్దలు. నేల, బండ్లు, డ్రమ్ములు, పెద్దలు నాలుగూ ఈ ఊళ్లలోనే ఉన్నాయి. మిగిలింది ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం రాయడమే.